ఇంట్లో కట్టిన పడవ

రెండువేల రెండో సంవత్సరం, ఆగస్టు నెల, రెండో బుధవారం, పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలు. టైము నాకు ఖాయంగా తెలుసు. కాంపౌండరు సెలైను సీసా మార్చి, చేతి గడియారం చూసి, ఆ టైము ఒక చీటీ మీద రాసి గోడకి అంటించాడు. ఆ చీటీ నేనే చదువుకున్నాను. అప్పటికి నాకు చదవడం వచ్చు. సరిగ్గా ఆ టైముకి, ఒక ఇంగ్లీషు రాక్ పాటల కాసెట్టులో ఉన్న కథని నా భార్యకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. పదకొండు కాకుండానే అంతా అయిపోయింది. పెద్దగా జరిగిందేమీ లేదు. అయినా రాస్తున్నాను.

నాది మైకు సెట్టు పని. నరసాపురానికి ఆరేడు మైళ్ళలో, కాలవ గట్టు మీద ఊరు మాది. పెళ్ళి, చావు, సమర్త, చర్చిలో కూటాలు, చవితి పందిళ్ళు, ఎవరు పిలిస్తే వాళ్ళకి వెళ్ళి హారన్లు కట్టేవాణ్ణి. రెండు హారన్లు, ఒక ఆంప్లిఫయరు, ఒక టేప్ రికార్డరు, వాటిని మోసే రిక్షా. చదువు లేదు. మా ఇంట్లో ఎవరికీ లేదు. మా నాన్న కూలికెళ్ళాడు, నన్నూ తీసుకెళ్ళాడు. చెట్లెక్కడం బాగా వచ్చు కాబట్టి మైకు సెట్టాయన ఒకాయన నన్ను హారన్లు కట్టడానికి పిలిచాడు. ఆయన పోయాక సెట్టు నేను తీసుకున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

తొంభై ఒకటో తొంభై రెండో. మా వైపు చమురు బావులు తవ్వేవాళ్ళు దిగారు. వాళ్ళ క్వార్టర్సులో ఎవరిదో పుట్టినరోజని మధ్యాహ్నం భోజనాలకి నా సెట్టు పెట్టారు. అక్కడో ఇంజనీరు, విశాఖపట్నం వైపు కుర్రాడు, ఒక కాసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"బాబాయ్, ఇది పెట్టండి. మధ్యలో మాత్రం ఆపకండి."

"ఆపకపోతే ఎలాగండీ? పాటకీ పాటకీ మధ్య భోజనాలకి పిలవాలి కదండీ."

"దీనికి మధ్య ఉండదండి. మొత్తం ఒకటే కథ."

"హరికథ లాగాండీ?"

నవ్వాడు. "అలాంటిదే అనుకోండి. ఒకాయన మేడ మీద గదిలో పడవ కడతాడు."

"మేడ మీద పడవెందుకండీ?"

"అదే కదండీ కథ!"

పెట్టాను. ముందు తాడు బిగుసుకున్నట్టు కిర్రుమని చిన్న చప్పుడు. తర్వాత సుత్తితో టక్ టక్ మని కొట్టడం. చాలా చిన్నగా, పక్క వీధిలో వడ్రంగి పని చేస్తున్నట్టు. ఆ టకటకల మీదకి గిటారు, దాని మీదకి ఎవడో పల్చటి గొంతుతో పాడటం, ఆ తర్వాత డ్రమ్ములు. డ్రమ్ములు వచ్చాక హారన్లు కట్టిన కొబ్బరిచెట్టు ఊగిందని వంటవాళ్ళు అన్నారు. పావుగంట కూడా అవలేదు, వాళ్ళ పెద్ద ఆఫీసరు వచ్చి, "ఏంటయ్యా ఆ గోల, అన్నం దిగడం లేదు, పాత సినిమా పాటలు పెట్టు" అన్నాడు. ఆపేశాను. కాసెట్టు నా దగ్గరే ఉండిపోయింది. వారం తర్వాత తిరిగి ఇద్దామని వెళితే ఆ అబ్బాయి అస్సాం బదిలీ అయిపోయాడన్నారు.

ఇంటికొచ్చి నా భార్యకి చెప్పాను. ఆవిడ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. మా వైపు ఆడవాళ్ళందరికీ అదే పని. తెల్లదారం, ఇనప సూది, వేళ్ళ మధ్య పూలు.

"మేడ మీద గదిలో పడవా?" అంది తలెత్తకుండా. "కిందకెలా దించుతాడు?"

"నాకేం తెలుసు."

"కట్టేముందు తలుపు కొలుచుకోడా ఎర్రిమొహం?"

ఆ మాట మా ఇంట్లో ఉండిపోయింది. నేను ఏ పెద్ద వస్తువు కొనుక్కొచ్చినా, ఏ పని నెత్తిన వేసుకున్నా, "తలుపు కొలుచుకున్నావా?" అనేది.

ఆ కాసెట్టు దేనికీ పనికిరాదు. పెళ్ళికి పెట్టలేం, చావుకి పెట్టలేం. సందు ఉండదు కాబట్టి మధ్యలో "పెళ్ళికొడుకు తరఫువారు విడిదింటికి రావలసింది" అని చెప్పడానికి లేదు. కానీ ఒక్కదానికి పనికొచ్చింది. సెట్టు కట్టాక హారన్లు సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూసుకోవాలి. అందరూ "హలో హలో, మైక్ టెస్టింగ్" అంటారు. నేను ఆ కాసెట్టు పెట్టేవాణ్ణి. అందులో అతి చిన్న చప్పుడు దగ్గర్నుంచి అతి పెద్ద చప్పుడు దాకా ఏడెనిమిది నిమిషాల్లో అన్నీ వచ్చేస్తాయి. టకటకలు దూరానికి వినపడితే సెట్టు బాగున్నట్టు. డ్రమ్ముల దగ్గర సౌండు చిరగకపోతే హారన్లు బాగున్నట్టు.

అయితే ఆంప్లిఫయరు పక్కన నిలబడ్డవాడికి తన సెట్టు ఎలా పలుకుతోందో తెలీదు. అది దూరంగా ఉన్నవాళ్ళు చెప్పాలి. మా ఊరి చివర కాలవ వంతెన ఉంది. నా భార్య లేసు ఒళ్ళో పెట్టుకుని ఆ వంతెన గట్టు మీద కూర్చునేది, పక్కన ఒక ఎర్ర తువ్వాలు. తువ్వాలు పైకెత్తితే బాగుందని. ఎడమకి ఊపితే ఎడమ హారను చిరుగుతోందని. కిందకి వదిలేస్తే సౌండు తగ్గించమని. నేను చెట్టు మీద నుంచో, డాబా మీద నుంచో వంతెన వైపు చూసి సరిచేసుకునేవాణ్ణి. పదేళ్ళు అలా చేశాం. ఆవిడ చెవి ఒక్కసారి కూడా తప్పలేదు. నేను బాగుందనుకున్నవి ఆవిడ చాలాసార్లు బాలేదంది, వెళ్ళి చూస్తే నిజంగానే బాలేదు.

ఊళ్ళో దాన్ని మైకోడి వడ్రంగి పాట అనేవాళ్ళు. టకటకలు మొదలయ్యాయంటే ఎవరింట్లోనో ఏదో ఉందన్నమాట. పొలంలో ఉన్నవాళ్ళు తలెత్తి, "ఎవరింట్లో?" అని అడుక్కునేవాళ్ళు. ఒక పెద్ద రైతు నన్ను ఎప్పుడు చూసినా, "ఏరా, నీ వడ్రంగోడు ఇంకా ఆ పని పూర్తి చెయ్యలేదా? రోజుకూలీ మీద పెట్టుకున్నావా ఏంటి?" అనేవాడు.

నిజానికి ఆ వడ్రంగోడు ఏమయ్యాడో మాకూ తెలీదు. టెస్టింగు అయిపోగానే ఆపేసి మామూలు పాటలు పెట్టేసేవాణ్ణి. మొదటివైపు కూడా చివరిదాకా విన్నది ఒకటి రెండుసార్లు. రెండోవైపు తిప్పనే లేదు.

కాసెట్ల గుర్తులు నా భార్య పెట్టేది. మాకిద్దరికీ అక్షరాలు రావు కాబట్టి గోళ్ళరంగుతో గీసేది. పెళ్ళిపాటలకి ఒక గీత, చావుకి రెండు, చర్చి పాటలకి శిలువ, చవితికి తొండం. వాడే వైపే గుర్తు పెట్టేది. గుర్తు లేని వైపంటే ఖాళీ అని మా లెక్క. ఆ ఇంగ్లీషు కాసెట్టుకి మొదటివైపు పడవ గీసింది. అది అరటిపండులా వచ్చింది. రెండోవైపు ఏమీ గీయలేదు.

తొంభై అయిదులో మా ఊళ్ళో పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పే క్లాసులు పెట్టారు. నాకు యాభై నాలుగు. నేర్పింది మిషను బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరైన టీచరుగారు, ఆవిడ వరండాలోనే. నేను ఎందుకెళ్ళానంటే చీటీల బాధ. తీర్థాల్లో జనం వచ్చి చీటీ ఇచ్చి పోతారు, మైకులో చెప్పమని. నాకు చదివిపెట్టేవాడు కావాలి. ఒకసారి తప్పిపోయిన ముసలాయన గురించి చీటీ ఇచ్చారు. చదివేవాడు దొరికేసరికి ఆ ముసలాయన తనే దొరికి, అన్నం తిని, బస్సెక్కి ఇంటికెళ్ళిపోయాడు. విసుగొచ్చి చేరాను. మొదటిరోజు పలక నా చేతిలో విరిగింది. టీచరుగారు, "హారను కాదోయ్ అది, నెమ్మదిగా పట్టుకో" అన్నారు. ఏడాది పట్టింది నాకు. నా భార్య రాలేదు. "నాకు లేసులో పూలు లెక్కపెట్టడం వచ్చు, చాలు" అంది.

ఆ మరుసటేడు పోలియో చుక్కల గురించి ఊరూరా చెప్పమని పంచాయతీ వాళ్ళు పిలిచారు. జీపు గుమ్మంలో ఉంది. అస్తమానం అరవలేక కాసెట్టులో ఎక్కించేద్దామనుకున్నాను. నా దగ్గరున్న కాసెట్లన్నిటికీ నెత్తిన చిల్లుల్లో కాగితం కుక్కి ఉంచుతాను, అలా చేస్తేనే పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది, ఎప్పుడు ఏది అవసరమొస్తుందోనని. చేతికందిన కాసెట్టు తీశాను. గుర్తు లేని వైపు పెట్టాను. "తల్లులారా తండ్రులారా, ఈ ఆదివారం మీ అయిదేళ్ళలోపు బిడ్డలకి పోలియో చుక్కలు వేయించండి" అని గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. తీసి చూస్తే వెనకవైపు అరటిపండు ఉంది.

అప్పుడు నాకేమీ అనిపించలేదు. రెండోవైపు ఎవరు విన్నారు గనక అనుకున్నాను. ఆవిడకి చెప్పను కూడా లేదు.

రెండువేల రెండు వేసవిలో ఆవిడకి కడుపులో గడ్డ అన్నారు. కాకినాడలో కోసి చూసి, మళ్ళీ కుట్టేశారు. ఇంటికి తీసుకెళ్ళండి, ఏం తింటే అది పెట్టండి అన్నారు. తెచ్చాను. మా పిల్లలా, పిల్లలు లేరు మాకు. ఆవిడ చెల్లెలు యలమంచిలి నుంచి వచ్చి వంట చూసింది. నేను పనికెళ్ళడం మానలేదు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను.

జూలై ఆఖర్లో పై వీధిలో పెళ్ళి. హారన్లు కట్టి కాసెట్టు పెట్టాను. అలవాటుగా వంతెన వైపు చూశాను. ఎవరూ లేరు. నా అంతట నేనే బాగుందనుకుని ఇంటికొచ్చాను. మంచం మీద నుంచి, "కుడి హారను గొంతు పోయింది, చూసుకోలేదా?" అంది. తర్వాత అడిగింది, "ఇదిగో, ఆ పడవాయన చివరికేమయ్యాడు?"

"తెలీదే."

"రెండోవైపు ఉండదా?"

నేను వైరు చుట్ట సర్దుకుంటూ నిలబడ్డాను.

"పెట్టు. ఇన్నేళ్ళుగా ఆ దెబ్బలు వింటూనే ఉన్నాను. దించాడో లేదో తెలుసుకుని పోతాను."

పోతాను అని ఆవిడ మామూలుగానే అంది. ఊరెళ్తున్నట్టు. నేను చెప్పెయ్యాల్సింది. చెప్పకుండా, ఏమో ఎక్కడైనా మిగిలుందేమోనని, టేప్ రికార్డరు మంచం పక్కన పెట్టి రెండోవైపు వేశాను. "తల్లులారా తండ్రులారా" అని నా గొంతు వచ్చింది.

ఆవిడ కాసేపు విన్నది. కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళొస్తున్నా ఆగలేదు.

"పడవాయన పోలియో చుక్కలు వేయించుకున్నాడా?"

"గుర్తు లేదని ఎక్కించేశాను."

"నేనే కదా గుర్తు పెట్టంది" అంది. నన్ను ఏమీ అనలేదు. ఆపొద్దంది. చివరిదాకా నా గొంతే విన్నది, పాతిక నిమిషాలు. నేను బొంగురుపోయి ఆపేసిన తర్వాత టేపు ఆఖర్న అర నిమిషం పాత పాట మిగిలింది. పాట కాదు, మాటల్లేవు. తాడు కిర్రుమన్న చప్పుడు, తర్వాత టక్ టక్, మొదట్లో వచ్చినట్టే. తర్వాత కాసెట్టు అయిపోయి బటను పైకి లేచింది.

"మళ్ళీ కొడుతున్నాడు" అంది. నవ్వు పోయింది. "కడుతున్నాడా, విప్పేస్తున్నాడా?"

అప్పట్నుంచి అదే ప్రశ్న. అన్నం కలిపి పెడుతుంటే, "కడుతున్నాడా, విప్పేస్తున్నాడా?" ఆవిడ ఇంకేమీ అడగలేదు. బంగారం ఎవరికివ్వాలో, ఎక్కడ పూడ్చాలో, అవేమీ మాట్లాడలేదు. ఆ పడవ సంగతి ఒక్కటే.

ఇంకో కాసెట్టు కోసం తిరిగాను. నరసాపురంలో దొరకలేదు. భీమవరంలో లేదు. రాజమండ్రిలో పెద్ద కొట్టుకి వెళ్ళి కాసెట్టు అట్ట చూపించాను. అప్పటికి కాసెట్లు మూలకి పోయాయి, అందరూ సీడీలు. కొట్టాయన అట్ట తిప్పి తిప్పి చూసి, "ఎవరికి బాబాయ్, మనవడికా?" అన్నాడు.

"మా ఆవిడకి."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "మద్రాసు నుంచి తెప్పించాలి, నెల పడుతుంది" అన్నాడు. నెల లేదని చెప్పి వచ్చేశాను.

బస్సులో ఆ అట్ట చేతిలోనే ఉంది. లోపల మడతలు మడతలుగా ఒక కాగితం. ఇన్నేళ్ళు అది ప్రకటన అనుకున్నాను. చీమతలకాయలంత ఇంగ్లీషు అక్షరాలు, వరసలు వరసలుగా, పాటల్లాగా. తిన్నగా టీచరుగారింటికి వెళ్ళాను.

ఆవిడకి అప్పటికి డెబ్భై దాటాయి. భూతద్దం పెట్టుకుని చూశారు.

"పాటల మాటలేనోయ్. మొత్తం ఉన్నాయి, రెండు వైపులవీ."

"నాకు తెలుగులో చెప్పండమ్మగారూ. నేను రాసుకుంటాను."

"నువ్వే రాస్తావా?"

"నేనే చదివి చెప్పాలండి ఆవిడకి."

నాలుగు రోజులు పట్టింది. రోజూ మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా. ఆవిడ ఒక వాక్యం చూసి, కళ్ళజోడు తుడుచుకుని, తెలుగులో చెప్పేవారు. నేను నోటుబుక్కులో రాసేవాణ్ణి. "ఇదేం ఇంగ్లీషోయ్, కామాల్లేవు, ఫుల్‌స్టాపుల్లేవు, నా దగ్గర చదివుంటే చేతులు వాయగొట్టేదాన్ని" అనేవారు. వాళ్ళ దేశంలో ఒకప్పుడు ఇలాగే గ్రామఫోను ప్లేటు మొత్తం ఒకే కథగా పాడే జట్లు ఉండేవని, మా ఊళ్ళో కరెంటు లేని రోజుల నాటి సంగతి అదని చెప్పారు. ఆఖరి రోజు కాగితం మడిచి నాకిచ్చేసి, "నాకీ గోల నచ్చదు గానీ, ఈ పాట కట్టిన పిల్లలు అబద్ధం ఆడలేదోయ్" అన్నారు.

చివర ఏముందో నాకప్పుడే తెలిసిపోయింది. కడుతున్నాడో విప్పుతున్నాడో అందులో లేదు. దెబ్బలకి మాటలుండవు కదా, కాగితం మీద వేయరు. ఇంకో రెండు ముక్కలు నేనే కలిపి చెప్పెయ్యొచ్చు. టీచరుగారు నా మొహం చూసి అదే అనుకున్నట్టున్నారు. "నేనూ వస్తాను, నువ్వు తప్పు చదివితే పట్టుకోవడానికి" అన్నారు.

బుధవారం పొద్దున వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీ వేశాను. పక్కింటావిడ లేసుదారం అప్పడగడానికి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. నా మరదలు పొయ్యి ఆర్పి వచ్చి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. కాంపౌండరు సీసా మార్చి, చీటీ అంటించి, ఒక పావుగంట చూసి వెళ్తానని గోడకి జారబడ్డాడు. నేను నోటుబుక్కు తెరిచాను.

నేను చదివేది మనిషి నడిచినట్టు ఉండదు, కుంటినట్టు ఉంటుంది. ఒత్తుల దగ్గర ఆగుతాను. ఎవరూ తొందరపెట్టలేదు.

కథ ఇది. ఒకాయన సముద్రం లేని ఊళ్ళో ఉంటాడు. మేడ మీద గదిలో పడవ మొదలుపెడతాడు. కింద భార్య వంట చేసుకుంటూ ఆ దెబ్బలు వింటూ ఉంటుంది. ఊరు నవ్వుతుంది. పడవ పూర్తవుతుండగా తలుపు చాలదని తెలుస్తుంది. మొదటివైపు అక్కడికి అయిపోతుంది.

"చెప్పానా!" అంది నా భార్య. "కొలుచుకోలేదు."

"ఉండవే అక్కా, చదవనీ" అంది మరదలు.

రెండోవైపు. గోడ పగలగొట్టి దించుకోమంటారు ఊరివాళ్ళు. వద్దంటాడు. ఇంకా పెద్దది చేస్తాడు. చెక్క అయిపోతుంది. మంచం విప్పుతాడు. బల్ల విప్పుతాడు. తలుపులు తీసేస్తాడు. ఆఖరికి మేడ మెట్లు ఒక్కొక్క చెక్కా ఊడదీసుకుంటాడు. ఇంక దిగడానికి లేదు. భార్య వండిన కంచం పట్టుకుని మెట్లుండాల్సిన చోటికి వస్తుంది. చీకట్లో కింద నిలబడి పైకి చూస్తుంది. అక్కడితో మాటలు అయిపోయాయి. చదివి నోటుబుక్కు మూశాను.

"తర్వాత?"

"ఇంతే ఉంది."

"ఎక్కిందా ఆవిడ?"

"రాయలేదు."

"దిగాడా మరి?"

"రాయలేదే."

పక్కింటావిడ గుమ్మంలోంచి, "ఎక్కిందని చెప్పు అన్నయ్యా, నీ సొమ్మేం పోయింది!" అంది. నేను టీచరుగారి వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. రాయంది నేను చదవలేదు. యాభై నాలుగేళ్ళకి నేర్చుకున్న అక్షరాలు, ఉన్నది చదవడానికే నేర్చుకున్నాను. ఇప్పుడైతే ఏం చేసేవాణ్ణో తెలీదు. అప్పుడు మాత్రం చదవలేదు.

నా భార్య కాసేపు కళ్ళు మూసుకుంది. అయిపోయిందనుకున్నాను. తర్వాత అంది, "ఆ చివరి టకటకలు పెట్టు."

టేప్ రికార్డరు దగ్గరకి తీశాను.

"ఈ డబ్బాలో కాదు. దీంట్లో ఏం వినపడి చస్తుంది. హారన్లో పెట్టు. వంతెన మీద."

"వంతెన మీదా?"

"నేను వంతెన దాకా రాలేను కదయ్యా. దాన్నే అక్కడ కట్టు."

మరదలు గోల పెట్టింది. "పొద్దున్నే వడ్రంగి పాట వేస్తే ఎవరో పోయారనుకుంటారు బావా!"

"అనుకోనీ. రెండ్రోజులు ముందు తెలుస్తుంది, అంతేగా" అంది ఆవిడ.

వైరు చుట్ట విప్పుకుంటూ వెళ్ళాను. ఎడమ హారను తీసుకెళ్ళి వంతెన గట్టుకి ఇంటివైపు తిప్పి కట్టాను. ఆవిడ కూర్చునే చోటే. అక్కడ రాయి నున్నగా ఉంది. ఇరవై నిమిషాలు పట్టింది. తిరిగి వచ్చేసరికి ఎవరూ కదల్లేదు. కాంపౌండరు కూడా వెళ్ళలేదు. అర నిమిషం వెనక్కి తిప్పి బటను నొక్కాను.

దూరంగా, కాలవ మీద నుంచి, తాడు కిర్రుమంది. టక్ టక్. అర నిమిషమే. మళ్ళీ అంది. మళ్ళీ వేశాను. మూడోసారి ఆవిడ సెలైను లేని చెయ్యి పైకెత్తింది, తువ్వాలు ఎత్తినట్టు.

"రెండు సుత్తులు" అంది.

చెయ్యి దించి మంచం మీద పెట్టింది.

"ఒకటి పైన, ఒకటి కింద. పైది బరువు, కిందది తేలిక. ఆవిడ కిందనుంచి మెట్లు కడుతోంది." ఊపిరి తీసుకుంది. "ఎడమ హారను బానే ఉంది. తీసెయ్యి."

అంతే. తర్వాత ఆ కథ ఎత్తలేదు. ఆ పూట నాలుగు మెతుకులు తింది. నిద్రపోయింది.

శుక్రవారం పోయింది. చావుకి మైకు పెట్టడం మా ఊరి పద్ధతి. హారన్లు కట్టి టెస్టింగుకి ఆ కాసెట్టే వేశాను, వేరేది వెయ్యాలని తోచలేదు. టకటకలు వచ్చాయి. వంతెన వైపు చూశాను. ఎండ ఉంది. సౌండు ఎక్కువుందో తక్కువుందో తెలీలేదు. ఎంతలో ఉందో అంతలో వదిలేశాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. కొందరు దానికి నన్ను ఏదో అనుకున్నారు. అనుకోనీ.

రెండేళ్ళకి సెట్టు మానేశాను. కాసెట్టు ఉంది. నెలకోసారి రెండోవైపు చివర ఆ అర నిమిషం వింటాను. నాకు ఒక్క సుత్తే వినపడుతుంది. చెవికి ఆనించి విన్నాను, దూరంగా పెట్టి విన్నాను, వంతెన మీద కూర్చుని ఇంట్లో పెట్టించి విన్నాను. ఒక్కటే. ఆ రోజు విన్నవాళ్ళని వాళ్ళు బతికుండగానే ఒక్కొక్కళ్ళనీ అడిగాను, ఒకటా రెండా అని.

ఆ రోజు ఉన్నది వీళ్ళు. కాంపౌండరు: ఆయన సీసాలో చుక్కలు చూస్తున్నాడట, లెక్కపెట్టలేదన్నాడు. పక్కింటావిడ: రెండే అన్నయ్యా అంది, కానీ నేను అడక్కముందే తలూపింది. నా మరదలు: అక్క మొహమే చూశాను బావా, చప్పుడు గుర్తులేదంది. టీచరుగారు: చాలాసేపు ఆలోచించి, ఒకటేనోయ్, కానీ నా చెవిని నమ్మకు, అన్నారు. నేను: ఆంప్లిఫయరు పక్కన ఉన్నాను, నాకు ఒకటి. నా భార్య: రెండు.